గొంతు దగ్గర చెయ్యి

మా కొండ మీద ఒక చోటుని గొంతు అంటారు. రెండు పెద్ద బండల మధ్య సందు అది... మనిషి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. సందుకి ఇవతల నలుగురు నిలబడేంత గట్టు ఉంది. గట్టు అంచు దాటితే అంతా మంచే, నిట్టనిలువుగా. జారితే ఎక్కడ ఆగుతామని కస్టమర్లు అడుగుతారు. గైడ్లు నవ్వేసి ఊరుకుంటారు.

శిఖరానికి వేరే దారి లేదు. ఆ సందులోంచే వెళ్ళాలి, అదీ చీకట్లోనే. ఎండ పడితే మంచు మెత్తబడి పైనుంచి రాళ్ళు ఊడిపడతాయి. అందుకని దారిలో మజిలీకి కట్టిన రాతిగదిలోంచి రాత్రి ఒంటిగంటకి బయల్దేరి, మూడింటికల్లా గొంతు దాటెయ్యాలి.

ఆ చోటుకి చెడ్డపేరు వచ్చి పదకొండేళ్ళయింది. చీకట్లో ఆ గట్టు మీద నిలబడితే... వెనక నుంచి ఒక చెయ్యి వస్తుందట. మంచుగడ్డలా చల్లగా ఉంటుందట. నడుము దగ్గర తడుముతుందట... తాడు ముడి ఎక్కడుందా అని వెతుకుతుందట... దొరికితే విప్పేస్తుందట!

ఇన్ని ‘అట’లు ఎందుకంటే, ఈ దెయ్యాన్ని పుట్టించింది ఎవరో నాకు తెలుసు. మా మరిది. మా ఆయనకి సొంత తమ్ముడు.

కస్టమర్లు అతన్ని కెప్టెన్ అంటారు. ఏ ఓడకి కెప్టెనో, ఏ పటాలానికి కెప్టెనో అడక్కండి. ఎవరో డబ్బున్నాయన ఓసారి ముద్దుకి అలా పిలిచాడు. ఇతగాడు మర్నాడే చొక్కా జేబు మీద ఆ మాట ఎర్రదారంతో కుట్టించుకున్నాడు. ఆ తర్వాత గైడ్ల సంఘానికి ప్రెసిడెంటు కూడా అయ్యాడు. అద్దంలో తనకి తనే సెల్యూట్ కొట్టుకునే రకం.

నేను కొండెక్కను. కింద బజారు చివర మా సామాను గది ఉంది, అది నాది. బూట్లు సైజుల వారీగా అరల్లో, మంచుగొడ్డళ్ళు గోడకి, తాళ్ళు దూలానికి. కొండ మీంచి దిగిన ప్రతి తాడునీ తడి ఆరాక ఒళ్ళో వేసుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ళ మధ్య లాగుతూ చూస్తాను, ఎక్కడైనా నలిగిందా, పోగు తెగిందా అని. నలభై గజాల తాడుకి అరగంట పడుతుంది. ఆ అరగంటా బుర్ర ఖాళీ కాబట్టి మనుషుల సంగతులు ఆలోచిస్తాను. మనుషుల మీద నాకున్న గౌరవమంతా అలాగే కరిగిపోయింది.

ముడి సంగతి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

తాడు కొసన ముందుగా ఎనిమిది అంకెలాంటి ముడి వేస్తారు. మిగిలిన కొసని నడుంపట్టీలోంచి దూర్చి, మళ్ళీ ఆ ఎనిమిది వెంబడే వెనక్కి తిప్పుకొస్తారు. దూర్చాక వెనక్కి తిప్పడం మర్చిపోయారనుకోండి... చూడ్డానికి ముడిలాగే ఉంటుంది. నడుస్తున్నంతసేపూ అంటిపెట్టుకునే ఉంటుంది. బరువు పడ్డ క్షణాన సర్రున జారిపోతుంది.

అందుకే మా మామగారి రోజుల నుంచీ ఒక పద్ధతి. బయల్దేరే ముందూ, దారిలో ఆగిన ప్రతిచోటా, వెనకవాళ్ళు ముందువాళ్ళ ముడి చూడాలి. కంటితో కాదు, చేత్తో. గ్లౌజు తీసి, వేళ్ళతో ముడి చుట్టూ తడిమి, వెనక్కి తిరిగిన కొస దొరికాక ‘చూశా’ అనాలి. చీకట్లో కంటికి సగం ముడీ పూర్తి ముడీ ఒక్కలాగే కనపడతాయి మరి.

పదకొండేళ్ళ కిందట ఆ రాత్రి తాడుకి ముందు మా ఆయన, ఆయన వెనకే ఈ తమ్ముడు, వాళ్ళ వెనక ఇద్దరు కస్టమర్లు. గొంతు దాటాక పైన మంచుపలక మీద ఆయన కాలు జారింది. తాడు బిగుసుకుంది... వెంటనే వదులైపోయింది. తమ్ముడు లాగితే ఉత్త కొస చేతిలోకి వచ్చింది. దానికి ఒంటి ఎనిమిది ముడి ఒక్కటే ఉంది.

ఆయన్ని నాలుగోరోజు కిందికి తెచ్చారు. ఐదోరోజు మా మరిది సంఘం ముందు నిలబడి చెప్పాడు. "నేను బయల్దేరేటప్పుడు చేత్తో పట్టుకుని మరీ చూశాను. బ్రహ్మాండంగా ఉంది ముడి. గొంతు దగ్గర కూడా చూశాను. ఆ తర్వాతే కోటు తొడుక్కోడానికి అన్నయ్య విప్పినట్టున్నాడు. మళ్ళీ హడావిడిగా కట్టుకున్నాడు. అన్నయ్యకి మొదట్నుంచీ తొందరే కదా..."

మా ఆయనకి తొందరా! గ్లాసుడు టీ తాగడానికి అరగంట పట్టేది ఆ మనిషికి. చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టమనేవాడు. అలాంటివాడి పేరు ఎదురుగా సంఘం పుస్తకంలో ‘సొంత అజాగ్రత్త’ అని రాశారు. గోడ మీదున్న గైడ్ల ఫొటోల్లోంచి ఆయనది తీసి నా చేతిలో పెట్టారు.

సంఘానికి ఆ కథ. కస్టమర్లకి ఇంకో కథ. పెద్ద గైడు అజాగ్రత్తగా చచ్చిపోయాడంటే ఇంకెవరు వస్తారు? అందుకని దెయ్యాన్ని తయారుచేశాడు. చెయ్యి వచ్చింది, ముడి విప్పింది, మా అన్న పోయాడు. ఇది బాగా ఆడింది. జనానికి శిఖరం అక్కర్లేదు, ఒళ్ళు జలదరించే కబురు కావాలి. పైకి పోయి వణికి, కిందికొచ్చి చెప్పుకోవాలి.

నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఏం లాభం? తాడుకి ముందున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు, రెండోవాడు కెప్టెన్ అయ్యాడు.

అప్పటికి మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఇప్పుడు ఇరవైనాలుగు. వాళ్ళ నాన్న చేసిన పనే చేస్తానంది. వద్దే తల్లీ, ఏ కొట్లోనో బిల్లులు రాసుకో అన్నాను. "నీ చేతిలో తాళ్ళు చూసి పెరిగి కొట్లో కూచోమంటే ఎలాగమ్మా?" అంది. 

గైడు లైసెన్సు పరీక్ష రెండుసార్లు రాసింది. రెండుసార్లూ అన్నిట్లో పాసయింది. చివర్లో ప్రెసిడెంటు సంతకం కావాలి. రెండుసార్లూ బాబాయ్‌గారు కలం మూసేశారు. "ముడి కట్టుకోవడం రానివాడి కూతురికి నలుగురి ప్రాణాలు ఎలా అప్పగించను? రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది?" అన్నాడు, పదిమందిలో. ఆ రక్తమే తన ఒంట్లోనూ పారుతోందని కూడా గుర్తులేదు మహానుభావుడికి.

మూడోసారి ఆఖరు. ఆ తర్వాత పరీక్షకి కూచోనివ్వరు, సంఘం రూలు. మూడోసారి పరీక్ష ఏమిటంటే, సాక్షాత్తూ కెప్టెన్‌తో కలిసి శిఖరానికి వెళ్ళాలి. తాడుకి ముందు అతను, ఆఖర్న మా అమ్మాయి, మధ్యలో ఇద్దరు కస్టమర్లు. దిగొచ్చాక అతనికి నచ్చితే సంతకం, నచ్చకపోతే ఇక జన్మలో లేదు.

ఆ ఇద్దరు కస్టమర్ల సంగతీ చెప్పాలి. ఒకాయన బట్టల కొట్టాయన. తల నుంచి కాలిదాకా అన్నీ కొత్తవి కొనుక్కొచ్చాడు. కోటుకి ధర చీటీ వేలాడుతోంది, నేనే కత్తిరించాను. రెండో ఆవిడ బడిపంతులమ్మ. నలభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. బూట్లు తీసుకోవడానికొచ్చి చిన్న పుస్తకం తెరిచి నేను చెప్పిందల్లా రాసుకుంది. చివరికి తన కాలి సైజు కూడా రాసుకుంది. ఇలాంటివాళ్ళా కొండెక్కేది అని నాలో నేను తిట్టుకున్నాను.

ఇక ఆ రాత్రి జరిగింది మా అమ్మాయి చెప్పగా, బట్టల కొట్టాయన చెప్పగా విన్నది.

ముందురోజు సాయంత్రం రాతిగదిలో మా అమ్మాయి ఇద్దరికీ ముడి నేర్పింది. తాతగారి పద్ధతీ నేర్పింది. బట్టల కొట్టాయన రెండుసార్లు చేసి, వచ్చేసిందన్నాడు. పంతులమ్మ మాత్రం బల్ల కోడుకి తాడు కట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముతూ కూచుంది. వంటాయన పొయ్యి దగ్గర నిలబడితే ఆయన నడుముకి కూడా కట్టి చూసింది. ఆయన గరిట పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు పాపం.

కెప్టెన్ మూలన కూచుని ముసిముసిగా నవ్వాడట. "ఇవన్నీ పాతకాలం తతంగాలు. నేనున్నాను కదా," అన్నాడట.

రాత్రి ఒంటిగంట. గది గుమ్మం ముందు నుదుటి లైట్ల వెలుగులో నలుగురూ తాడు కట్టుకుంటున్నారు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మా అమ్మాయి బట్టల కొట్టాయన ముడి చూసి, పంతులమ్మ ముడి చూసి, ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"మీ ముడి ఒకసారి బాబాయ్..."

ఆ చెయ్యి మీద ఠపీమని కొట్టాడట. "నా ముడి చూసే మొనగాడు ఇంకా పుట్టలేదు! నువ్వు పరీక్షకొచ్చావు, నన్ను పరీక్షించడానికి కాదు."

అంతలో బట్టల కొట్టాయన, "కెప్టెన్ గారూ, ఒక్క ఫొటో!" అన్నాడు. అంతే, చేతిలో తాడు వదిలేసి, కోటు కిందికి లాక్కుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఒకటి కాదు, నాలుగు ఫొటోలు. తర్వాత గొడ్డలి భుజానేసుకుని బయల్దేరాడు. మా అమ్మాయి ఆఖరికి వెళ్ళి తన చోట నిలబడింది. ఏం చేస్తుంది? సంతకం అతని చేతిలో ఉంది.

రెండు గంటలు నడిచారు. మంచు మీద బూట్ల ముళ్ళు కరకరమనడం తప్ప చప్పుడు లేదు.

మూడింటికి గొంతు.

నలుగురూ గట్టు మీదకి చేరారు. ఒకరి వెనక ఒకరు, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా. ఇక్కడ కెప్టెన్ గారి నాటకం ఒకటి ఉంటుంది. ప్రతి ట్రిప్పులోనూ ఉంటుంది. దీని కోసమే కొందరు వస్తారు.

"లైట్లు ఆపండి," అన్నాడు గుసగుసగా. "ఎవరూ కదలొద్దు... నోరు మెదపొద్దు... దానికి మాట వినపడితే చాలు..."

ఒక్కొక్క లైటే ఆరిపోయింది. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

"ఇక్కడే..." అన్నాడు. "సరిగ్గా ఇక్కడే మా అన్న నిలబడ్డాడు. ముందు... వేళ్ళు తగులుతాయి. చల్లగా... నడుము దగ్గర..."

అక్కడ ఆగుతాడు. పది లెక్కపెడతాడు మనసులో. జనం భయం ముదరాలని. ఆ పది అంకెలూ మా అమ్మాయికి కంఠతా వచ్చు, ఆమె కూడా లెక్కపెడుతోందట విసుగ్గా. ఐదు... ఆరు...

"హా...!" అన్నాడు కెప్టెన్.

నాటకంలో అది లేదు.

"ఎవరది...?" అన్నాడు. గొంతు మారిపోయింది.

ఎవరూ పలకలేదు. పలకొద్దని అతనే చెప్పాడు కదా!

నిజంగానే చెయ్యి వచ్చింది. కోటు కింద నుంచి... గ్లౌజు లేని వేళ్ళు... మంచులా చల్లటి వేళ్ళు. నడుం పక్క నుంచి పాకుతూ వచ్చి ముడి మీద ఆగాయి. ముడి చుట్టూ మెల్లగా తడిమాయి. మళ్ళీ మొదటికొచ్చాయి, వెతుకుతున్నది దొరకనట్టు. మళ్ళీ తడిమాయి... వేలాడుతున్న తాడు కొసని పట్టుకుని... రెండుసార్లు లాగాయి.

"అన్నయ్యా...!"

అలాంటి కేక ఎప్పుడూ వినలేదంది మా అమ్మాయి. పెద్దగా కూడా లేదట. పసిపిల్లాడు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు ఉందట.

"విప్పకు అన్నయ్యా... నీ కాళ్ళు పట్టుకుంటా... నేను చూడలేదు అన్నయ్యా. ఆ రోజు నీ ముడి నేను చూడలేదు... చూశావా అని నువ్వడిగావు, చూశానన్నాను... ముట్టుకోనే లేదు... ఫొటో తీయించుకుంటున్నాను... నువ్వు కోటు కోసం విప్పలేదు, నువ్వు తొందరపడలేదు... అంతా నేనే కల్పించి చెప్పాను... నన్ను తొయ్యకు అన్నయ్యా... తొయ్యకు..."

చెయ్యి పోయింది. ఇతను మాత్రం ఆపలేదు. అదే మాట, మళ్ళీ మళ్ళీ.

"అప్పుడు నువ్వేం చేశావే?" అని అడిగాను మా అమ్మాయిని.

"ఏం చేస్తానమ్మా. లైటు వేశాను," అంది.

లైటు వెలుగులో కెప్టెన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. బండని రెండు చేతులతో కావలించుకుని ఉన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పంతులమ్మ తలొంచుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తప్పు చేసిన పిల్లలా నిలబడింది. బట్టల కొట్టాయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

మా అమ్మాయి వాళ్ళని దాటుకుని ముందుకొచ్చి బాబాయ్ కోటు పైకెత్తింది.

సగం ముడి.

తాడు కొస నడుంపట్టీలోంచి దూర్చి ఉంది, అంతే. వెనక్కి తిప్పలేదు. ఫొటో కోసం వదిలేసిన తాడుని మళ్ళీ పట్టుకోనే లేదు. ఇంకో నాలుగడుగులేస్తే ఆ పైన మంచుపలక. అక్కడ కాలు జారితే... తాడు ఉత్త కొస వెనకవాళ్ళ చేతికి వచ్చేది.

ఆ ముడిని అతను కూడా చూశాడు. 

మా అమ్మాయి ముడి విప్పి, మళ్ళీ కట్టి, గ్లౌజు తీసి వేళ్ళతో తడిమి, "చూశా బాబాయ్," అంది. ఆ మాటకి అతను వెక్కి వెక్కి ఏడ్చాడట.

ఇక శిఖరం లేదు, ఏమీ లేదు. ముందు తను నిలబడి, ముగ్గుర్నీ తెల్లారేసరికి రాతిగదికి దింపింది. బట్టల కొట్టాయన దారంతా, "మరి శిఖరం డబ్బులు కట్టాం కదా..." అని గొణుగుతూనే ఉన్నాడట. వాడి తలకాయ.

అదంతా విన్నాక నేనేమనుకున్నానో తెలుసా? ఈ మనిషి కిందికి దిగి రెండు గ్లాసుల వేడినీళ్ళు తాగగానే మాట మార్చేస్తాడనుకున్నాను. ఎత్తు మీద గాలి చాలక ఏదో వాగానంటాడు, ఎవరికీ చెప్పకండంటాడు. పైగా మా అమ్మాయి పరీక్ష ఫెయిలంటాడు, శిఖరం చేరలేదు కదా! మూడోసారి కూడా పోయింది, అంతే సంగతులనుకున్నాను. ఆ రాత్రి తాడు ఒళ్ళో వేసుకుని ఏడ్చాను కూడా.

నేనెరిగిన మనిషే, అయినా నా అంచనాకి అందలేదు.

మాట మార్చలేదు. మర్నాటికల్లా బజారంతా తనే చెప్పేశాడు! ఒప్పుకున్నట్టు కాదు, పతకం వచ్చినట్టు. "అన్నయ్య వచ్చాడు. స్వయంగా వచ్చాడు. నా ముడి తప్పుగా ఉందని చేత్తో పట్టి చూపించాడు. నన్ను చంపడానికి రాలేదు, బతికించడానికొచ్చాడు!" టీకొట్టు దగ్గర ఒకసారి, మందుల షాపులో ఒకసారి, మంగలి కుర్చీలో కూచుని సబ్బు మొహంతో ఒకసారి. వినేవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. కొందరు చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు కూడా.

పదకొండేళ్ళు అబద్ధం ఆడిన మనిషిని ఊరు ఛీ కొట్టాలా? అన్న ఆత్మ వెతుక్కుంటూ వచ్చిన పుణ్యాత్ముణ్ణి చేసి కూచోబెట్టింది. జనం సంగతి చెప్పాను కదా మీకు.

కానీ భయం కూడా ఉంది. అది నాకు కనపడింది. "శుక్రవారం సంఘంలో అంతా రాసిచ్చేస్తాను వదినా," అన్నాడు మా గది గుమ్మంలో నిలబడి. లోపలికి రాలేదు. దూలానికి వేలాడే తాళ్ళని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "రాయకపోతే... మళ్ళీ వస్తాడు. ఈసారి ఊరికే వదలడు."

"అవును, వదలడు," అన్నాను. "మీ అన్నకి మాటంటే మాటే."

శుక్రవారం వచ్చింది. సంఘం గది అంటే రేకుల కప్పు, పొడుగాటి బల్ల, ఒక కాలు కింద మడతపెట్టిన అట్టముక్క. ఐదుగురు ముసలి గైడ్లు కూచున్నారు. గుమస్తా పాత పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు. మా మరిది నిలబడి రాసుకొచ్చింది చదివాడు. ముడి చూడకుండా చూశానన్నాను, పోయినవాడి మీద తప్పు తోశాను అని. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో అన్నీ చూసుకునే చదివాడు. కింద సంతకం చేశాడు. గుమస్తా స్కేలు పెట్టి ‘సొంత అజాగ్రత్త’ అన్న మాట కొట్టేశాడు. పక్కన, ‘తోటి గైడు ముడి చూడలేదు’ అని రాశాడు.

ముసలాళ్ళు అతన్ని ఏడాది పాటు కొండెక్కొద్దన్నారు. ప్రెసిడెంటుగా ఇదే ఆఖరి సంతకమని మా అమ్మాయి లైసెన్సు ముందు పెట్టారు. ఇద్దరు కస్టమర్లనీ, ఒక గైడునీ గొంతు దగ్గర్నుంచి ఒంటరిగా దింపిన పిల్లకి ఇంకే పరీక్ష అక్కర్లేదన్నారు. గొప్పగా తలూపి సంతకం పెట్టాడు. గుమస్తా ముద్ర కొట్టాడు. మా అమ్మాయి దాన్ని మడిచి, కోటు లోపలి జేబులో పెట్టి, జిప్పు లాగింది.

జిప్పు పూర్తిగా పడేదాకా నేను ఆగాను.

అందరూ లేచారు. మా మరిది నా దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మనసు ఎంత తేలికైపోయిందో వదినా! అన్నయ్య నన్ను క్షమించేశాడు. చెయ్యి వేసి మరీ చెప్పాడు కదా... ఏడాది అయ్యాక మళ్ళీ ఎక్కుతాను. గొంతు దగ్గర కస్టమర్లకి ఇక ఈ కథే చెబుతాను."

"ఆ చెయ్యి పంతులమ్మది," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నవ్వు మొహం అలాగే ఉంది.

"బుధవారం బూట్లు తిరిగివ్వడానికొచ్చింది. తల కూడా ఎత్తలేదు పాపం. ‘ఆగిన ప్రతిచోటా ముందున్నవాళ్ళ ముడి చేత్తో చూడమని మీ అమ్మాయి చెప్పారండీ. ఆయనేమో కదలొద్దు, మాట్లాడొద్దన్నారు. అందుకని చప్పుడు చెయ్యకుండా గ్లౌజు తీసి చూశాను. వెనక్కి తిరిగిన కొస దొరకలేదు. ఆయనకి తెలియాలని రెండుసార్లు లాగాను. తప్పు చేశానా అండీ?’ అని అడిగింది. పుస్తకంలో రాసుకుంది కూడా, నాకు చూపించింది. శుక్రవారం దాకా ఎవరితోనూ అనకు తల్లీ అని నేనే చెప్పాను."

 అతను వెనక్కి తిరిగి బల్ల మీద కాగితం వైపు చూశాడు. గుమస్తా దాన్ని అప్పటికే బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు.

కస్టమరంటే అతని లెక్కలో మూట. తాడుకి కట్టి లాక్కెళ్ళే మూట. మూటకి చేతులుంటాయని, ఆ చేతులు చెప్పిన పని చేస్తాయని అతనికి తట్టనే లేదు. చచ్చినవాడి చెయ్యి అనుకోడానికి సిద్ధపడ్డాడు గాని, వెనకున్న ఆడమనిషి చెయ్యి అనుకోలేదు.

కేకలేస్తాడనుకున్నాను. మోసం చేశావంటాడని, కాగితం చింపెయ్యమంటాడని ఎదురుచూశాను. అనాల్సిన మాటలు నాలుక చివర పెట్టుకుని ఉన్నాను, పదకొండేళ్ళవి.

కేకలెయ్యలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. 

"అయితే..." అన్నాడు గుసగుసగా. "అన్నయ్య... రాలేదా వదినా?"

"రాలేదు."

"నన్ను... క్షమించలేదా?"

నేను అతని మొహంలోకి సూటిగా చూశాను.

"పదకొండేళ్ళు తలుపు గడియ వేసుకోకుండా పడుకున్నానురా. ఒక్క రాత్రైనా నాకోసమే రాలేదు ఆ మనిషి," అన్నాను. "నీకోసం వస్తాడా?"